తమ్ముడికి ఆర్పీ అన్నారు, మందు లేదన్నారు. ఇప్పుడు ఏం చేయాలి?

ప్రశ్న (ఉప్పల్ నుంచి ఒక అక్క)

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి 23 ఏళ్లు. బీటెక్ అయ్యాక అమీర్‌పేటలో కోచింగ్‌కి వెళ్తున్నాడు. చిన్నప్పటి నుంచీ వాడికి చీకటి పడితే కష్టమే. కరెంటు పోతే ఉన్నచోటే కూర్చుండిపోయేవాడు. రేచీకటి అనుకుని అమ్మ మునగాకు, క్యారెట్లు తెగ పెట్టింది. కళ్లద్దాల షాపులో మూడుసార్లు అద్దాలు మార్పించాం. బోర్డు మీద చివరి వరుస దాకా చదివేస్తాడు కాబట్టి చూపు బాగానే ఉందన్నారు.

పోయిన నెల ఒక పెళ్లిలో బాబాయి చెయ్యి చాపితే వీడు చూడకుండా పక్కనుంచి వెళ్లిపోయాడు. పొగరు అనుకున్నారు. కాసేపటికే కింద కూర్చుని ఆడుకుంటున్న పిల్లాడు కనపడక తట్టుకుని పడ్డాడు. అప్పుడు డాక్టర్‌కి చూపించాం. ‘రెటినైటిస్ పిగ్మెంటోసా (ఆర్పీ), వంశపారంపర్యం, మందు లేదు’ అని ఐదు నిమిషాల్లో చెప్పి పంపేశారు.

అమ్మానాన్నలది మేనరికం. మా నాన్నమ్మకి అమ్మ అన్న కూతురు. ఇప్పుడు నాన్నమ్మ అమ్మనే అంటోంది, అమ్మ అన్నం తినడం లేదు. ఎక్కడ మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పండి.

జవాబు (నాచారం, నాకూ ఆర్పీ ఉంది)

చెల్లెమ్మా, ముందు అమ్మని అన్నం తినమను. నాకిప్పుడు 46 ఏళ్లు, పేరు తెలిసింది 27లో. ‘మందు లేదు’ అన్న మాట దగ్గరే నేను నాలుగేళ్లు ఆగిపోయాను. మీరు ఆగొద్దు. చేయాల్సిన పనులు చాలా ఉన్నాయి.

మీవాడు బోర్డు మొత్తం చదివేయడం, పక్కన చాపిన చెయ్యి కనపడకపోవడం, రెండూ ఒకే జబ్బులో భాగమే. రెటీనాలో, అంటే కంటి లోపల వెనక ఉండే పొరలో, చీకటి చూపుకీ పక్క చూపుకీ పనికొచ్చే కణాలు ముందు దెబ్బతింటాయి. నడి చూపు, రంగులు చూసే కణాలు చాలాకాలం నిలబడతాయి. అందుకే 6/6 చదివే మనిషి కూడా గుమ్మం పక్కన పెట్టిన బకెట్‌ని తన్నుకుంటాడు. ప్రపంచం మొత్తం మీద సుమారు 4,000 మందిలో ఒకరికి ఉంటుందని చెబుతారు. మేనరికాలు ఎక్కువున్న చోట ఇలాంటివి ఎక్కువగా కనిపిస్తాయి.

మొదటి పని: రెటీనా డాక్టర్ దగ్గర పూర్తి పరీక్షలు. బంజారాహిల్స్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది. మెహిదీపట్నంలో సరోజినీదేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి ఉంది. మీకు ఏది వీలైతే అక్కడికి వెళ్లండి. ఫీల్డ్ టెస్ట్ (చూపు ఎంత వెడల్పు అందుతుందో చూసేది), ఓసీటీ (రెటీనా పొరల స్కాన్), ఈఆర్జీ (వెలుగుకి రెటీనా ఎలా స్పందిస్తుందో కొలిచేది) అని మూడు పేర్లు వింటారు. ఫీల్డ్ టెస్ట్‌లో గడ్డం ఒక స్టాండు మీద ఆనించి, నడి చుక్కనే చూస్తూ, ఎక్కడైనా వెలుగు మెరిస్తే బటన్ నొక్కాలి. నా మొదటి రిపోర్టు కాగితం ఇప్పటికీ దాచుకున్నాను. కాగితమంతా నల్లగా ఉండి, మధ్యలో రూపాయి బిళ్లంత తెలుపు. మా ఆవిడ ఆ కాగితాన్ని చాలాసేపు పట్టుకుని, ‘ఇంతేనా మీకు కనపడేది’ అంది. ఆ రోజు నుంచి ఇంట్లో నన్ను ‘చూసుకుని నడవరా’ అన్నవాళ్లు లేరు. మీ తమ్ముడి కాగితం కూడా ఇంట్లో అందరికీ చూపించండి, ముఖ్యంగా ఆ బాబాయికి.

ఇక నాన్నమ్మ మాట. మేనరికంలో ఇది ఎక్కువగా ఎలా వస్తుందంటే, అమ్మ దగ్గర ఒక చెడిన జీన్ కాపీ, నాన్న దగ్గర ఒకటి ఉంటాయి. ఇద్దరికీ జబ్బు ఉండదు. రెండూ బిడ్డలో కలిస్తేనే జబ్బు. మీ ఇంట్లో ఆ జీన్ నాన్నమ్మ పుట్టింటి పెద్దల నుంచే రెండు దారుల్లో దిగి వచ్చి ఉండొచ్చు, ఒక దారి ఆమె నుంచి, ఇంకోటి వాళ్లన్న నుంచి. ఇది నాన్నమ్మని తిరిగి అనడానికి చెప్పడం లేదు. ఆమెకీ తెలియదు, వాళ్ల అమ్మానాన్నలకీ తెలియదు. తెలియనిదానికి ఎవరిని ఏమంటాం?

మధ్యలో ఒక మాట (కంటి పరీక్షలు చేసే ఆప్టోమెట్రిస్టుని)

మునగాకు, క్యారెట్టు పెట్టడంలో అమ్మగారి తప్పేం లేదు. విటమిన్ ఎ లోపంతో వచ్చే రేచీకటి నిజంగానే ఉంది, అది విటమిన్ ఎ ఇస్తే తగ్గుతుంది. ఆర్పీ అది కాదు. డాక్టర్ చెప్పకుండా విటమిన్ ఎ మాత్రలు పెద్ద మోతాదులో కొనివ్వకండి. లివర్‌కి ప్రమాదం, కొన్ని జీన్ల రకాల్లో కంటికే నష్టం.

‘మందు లేదు’ అనేది కూడా సగం నిజమే. ఆర్పీ ఉన్నవాళ్లలో రెటీనా మధ్యలో నీరు చేరి వాపు రావచ్చు, చిన్న వయసులోనే శుక్లం రావచ్చు. వాపుకి చుక్కలు, మాత్రలు ఉన్నాయి. శుక్లానికి ఆపరేషన్ ఉంది. ‘ఎలాగూ పోయే చూపే కదా’ అని చెక్ చేయించుకోక, తగ్గించగలిగే దాన్నీ పోగొట్టుకున్నవాళ్లని నేను చూశాను. ఏడాదికోసారి తప్పక చూపించండి. వినికిడి కూడా పరీక్ష చేయించండి. కొందరిలో ఆర్పీతో పాటు చెవుడు ఉంటుంది, దాన్ని అషర్ సిండ్రోమ్ అంటారు.

అక్క మళ్లీ

చాలా థాంక్స్ అన్నా, మేడమ్‌గారూ. రెండు విషయాలు. ఒకటి, ఎవరో స్టెమ్ సెల్ ఇంజెక్షన్‌తో చూపు వస్తుందని వాట్సాప్‌లో వీడియో పంపారు, నాన్న పొలం అమ్ముతానంటున్నారు. రెండు, ఈ విషయం బయటికి పొక్కక ముందే మా మేనమామ కూతురితో తమ్ముడి పెళ్లి చేసేద్దామని ఇంట్లో అంటున్నారు.

జవాబు (నాచారం)

పొలం అమ్మనివ్వకండి. ఆ దారిలో నేను వెళ్లొచ్చాను. వేరే ఊర్లో ఒక చోట కంటి వెనక ఇంజెక్షన్లు ఇచ్చారు, మా ఆవిడ గొలుసు అమ్మి కట్టాను. నెల తిరిగాక ఫీల్డ్ టెస్ట్ చేయిస్తే ఆ తెలుపు ఇంకాస్త చిన్నదైంది. 2017 నాటి ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి జబ్బులకి అనుమతి పొందిన ట్రయల్ (కొత్త వైద్యాన్ని పరీక్షించే ప్రయోగం) బయట స్టెమ్ సెల్ వైద్యం చేయకూడదు. అనుమతి ఉన్న ట్రయల్‌లో చేరడానికి పేషెంటు దగ్గర డబ్బు తీసుకోరు. ఎవరైనా లక్షలు అడిగితే లేచి వచ్చేయండి.

జీన్ థెరపీ, అంటే చెడిన జీన్‌కి బదులు మంచి కాపీని కంటిలోకి పంపే వైద్యం, ఒకటి నిజంగా ఉంది. 2017 డిసెంబరులో అమెరికాలో అనుమతి వచ్చింది, పేరు లక్స్‌టర్నా. కానీ అది ఆర్పీఈ65 అనే ఒక్క జీన్‌లో రెండు కాపీలూ చెడినవాళ్లకే. మొదట్లో అక్కడ రెండు కళ్లకీ కలిపి పెట్టిన ధర 8,50,000 డాలర్లు. ఆర్పీకి కారణమయ్యే జీన్లు పదుల్లో ఉన్నాయి. అందుకే ముందు తమ్ముడి జీన్ ఏదో తెలుసుకోవాలి. రక్తంతో చేసే పరీక్షే. కొందరిలో జీన్ తేలదు, తేలకపోతే కంగారు పడకండి. తేలితే రేపు ఆ జీన్‌కి ట్రయల్ వచ్చినప్పుడు మీవాడు అర్హుడో కాదో వెంటనే తెలుస్తుంది. వంశంలో ఎవరికి రావచ్చో కూడా తెలుస్తుంది.

పెళ్లి గురించి చేతులు జోడించి చెబుతున్నాను, ఆ సంబంధం వద్దు. మీ ఇంట్లో ఉన్నది నేను పైన చెప్పిన రకమే అయితే, మేనమామ దగ్గర ఆ జీన్ ఉండే అవకాశం సగం, ఆయన కూతురి దగ్గర ఉండే అవకాశం కనీసం పావు వంతు. ఆ అమ్మాయి దగ్గర ఉంటే పుట్టే ప్రతి బిడ్డకీ జబ్బు వచ్చే అవకాశం సగం. అదే బయటి సంబంధం అయి, ఆమె దగ్గర ఆ జీన్ లేకపోతే పిల్లలు జీన్ మోస్తారే తప్ప జబ్బు రాదు. జెనెటిక్ కౌన్సెలర్ దగ్గర ఇంట్లో పెద్దలని కూర్చోబెట్టి ఈ లెక్క చెప్పించండి, నా మాట వద్దు. చేసుకోబోయే అమ్మాయికి ముందే చెప్పాలి. నేను మా ఆవిడకి చెప్పకుండా చేసుకున్నాను. ఆ కాగితం చూసిన రోజు ఆమె అడిగిన ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు.

అక్క

అన్నా, బైక్ గురించి కూడా చెప్పండి. పగలు బాగానే నడుపుతా అంటున్నాడు.

జవాబు (నాచారం)

తాళం తీసుకోండి. నాకు 31 ఏళ్లప్పుడు సాయంత్రం ఏడింటికి పక్క సందులోంచి వచ్చిన సైకిల్ తగిలేదాకా కనపడలేదు. అబ్బాయికి మోకాలు చెక్కుకుపోయింది, అంతటితో పోయింది. మర్నాడే బండి అమ్మేశాను. ఉప్పల్ నుంచి అమీర్‌పేటకి మెట్రో నేరుగా ఉంది. మెట్లు దిగేటప్పుడు రెయిలింగ్ పట్టుకోమనండి. ఎండలోంచి స్టేషన్ లోపలికి రాగానే ఒక నిమిషం నిలబడి, కళ్లు సర్దుకున్నాక కదలమనండి.

వైకల్య సర్టిఫికెట్ విషయం ఎవరూ చెప్పరు, నేను చెబుతాను. 2016 వికలాంగుల హక్కుల చట్టం చూపు పదునుని ఒక్కదాన్నే లెక్కపెట్టదు, ఫీల్డ్‌ని, అంటే చూపు అందే వెడల్పుని, కూడా చూస్తుంది. రెండింటిలో మెరుగైన కంటి ఫీల్డ్ 40 డిగ్రీల కన్నా తగ్గి 10 డిగ్రీల వరకు ఉంటే లో విజన్ (తక్కువ చూపు), 10 కన్నా తక్కువైతే అంధత్వం. అంటే 6/6 చదివేవాళ్లకి కూడా సర్టిఫికెట్ రావచ్చు. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం, అంతకన్నా ఎక్కువ ఉంటే ప్రభుత్వ ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ ఉంది, అందులో 1 శాతం చూపు లేనివాళ్లకి, లో విజన్ వాళ్లకి. మీవాడు కోచింగ్‌లో ఉన్నాడు కాబట్టి ఇది ఇప్పుడే చేయించండి. దరఖాస్తుకి ఫీల్డ్ రిపోర్టు జత చేయండి. సర్వీసులో ఉండగా చూపు తగ్గిందని ప్రభుత్వ ఉద్యోగిని తీసేయకూడదని అదే చట్టంలో 20వ సెక్షన్ ఉంది. నా ఉద్యోగం దాని వల్లే నిలిచింది. ఇప్పుడు కంప్యూటర్ మీద ఎన్‌వీడీఏ, ఫోన్‌లో టాక్‌బ్యాక్‌తో పని చేస్తున్నాను, రెండూ తెర మీద ఉన్నది చదివి వినిపిస్తాయి, రెండూ ఉచితమే. చూపు ఉండగానే నేర్చుకుంటే తేలిక. పునరావాస విభాగంలో తెల్ల కర్ర నడక కూడా నేర్పుతారు.

అక్క

బుధవారం అపాయింట్‌మెంట్ దొరికింది. ఏమేం తీసుకెళ్లాలి?

జవాబు (ఆప్టోమెట్రిస్టు)

పాత కళ్లద్దాల చీటీలన్నీ తీసుకెళ్లండి. రెండు వైపులా బంధువుల్లో ఎవరికి చీకట్లో కనపడదో, ఎవరికి చెవుడు ఉందో నాన్నమ్మని అడిగి రాసుకోండి. ఆ వివరాలు ఆవిడకే బాగా తెలుస్తాయి. కళ్లలో చుక్కలు వేస్తారు, తర్వాత కొన్ని గంటలు మసకగా ఉంటుంది, చలవ కళ్లద్దాలు ఉంచుకోండి. ఈఆర్జీ ఉంటే ముందు 20 నిమిషాలకు పైగా చీకటి గదిలో కూర్చోబెడతారు, తమ్ముడికి ముందే చెప్పి ఉంచండి. ఇంకొకటి, మీరూ చూపించుకోండి. తోబుట్టువులందరికీ పరీక్ష చేయాలి.

అక్క

మా చెల్లికి 16. సినిమా హాల్లో సీటు వెతుక్కోవడానికి ఎప్పుడూ నా చున్నీ పట్టుకుంటుంది. బుధవారం దాన్ని కూడా తీసుకెళ్తాను.