మతవిశ్వాసాన్ని పక్కన పెడితేనే ప్రజాస్వామ్యంలో అందరికీ చోటా?

ప్రశ్న (రాజనీతిశాస్త్ర విద్యార్థిని):

అమెరికన్ తత్త్వవేత్త జాన్ రాల్స్ 1993లో వివరించిన రాజకీయ ఉదారవాదాన్ని ఈ సెమిస్టర్‌లో చదువుతున్నాను. మనుషులు స్వేచ్ఛగా ఆలోచించే సమాజంలో జీవిత పరమార్థం గురించి అందరిదీ ఒకే మాట కావడం బలప్రయోగం లేకుండా జరగదనీ, కాబట్టి వేర్వేరు మతాలవారూ ఏ మతమూ లేనివారూ ఎవరి కారణాలతో వారు కొన్ని మౌలిక రాజకీయ సూత్రాలను ఒప్పుకుంటే చాలుననీ ఆయన అంటారు. ఇంతవరకు నాకు అభ్యంతరం లేదు. కానీ రాజ్యాంగ మౌలికాంశాలపై వాదించేటప్పుడు ఇతరులు కూడా ఒప్పుకోగల కారణాలనే చెప్పాలన్న షరతు నాకు మింగుడుపడడం లేదు. దైవవాక్యమే తన బతుకుకు ఆధారమని నమ్మే మనిషి ఆ మాట చెప్పకుండా ఎలా వాదిస్తాడు? ఈ షరతు నాస్తికుడికి తేలిక, భక్తుడికి భారం కాదా? నిజంగా జరిగిన సందర్భం ఏదైనా చూపి వివరించగలరా?

జవాబు 1 (న్యాయవాది):

మీకు 1986 నాటి బిజో ఇమ్మాన్యుయేల్ కేసు చెబుతాను. కేరళలో యెహోవా సాక్షులు అనే క్రైస్తవ శాఖ కుటుంబానికి చెందిన ముగ్గురు పిల్లలు బడిలో ప్రేయర్ సమయాన జాతీయ గీతం పాడుతుంటే అందరితోపాటు గౌరవంగా లేచి నిలబడేవారు గానీ గొంతు కలిపేవారు కారు. యెహోవాకు చేసే ప్రార్థనలో తప్ప మరే క్రతువులోనూ పాల్గొనరాదని వారి విశ్వాసం. చాలాకాలం దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 1985 జూలైలో ఒక శాసనసభ్యుడు అది గమనించి సభలో ప్రస్తావించడంతో విచారణ సంఘం వేశారు. పిల్లలు బుద్ధిమంతులనీ, గీతాన్ని అవమానించలేదనీ ఆ సంఘమే చెప్పినా, విద్యాశాఖ అధికారి ఆదేశంపై వారిని బడి నుంచి తీసేశారు. హైకోర్టులోనూ వారికి ఊరట దొరకలేదు.

సుప్రీంకోర్టులో తీర్పు రాసింది మన అనంతపురం జిల్లాకు చెందిన జస్టిస్ ఓ. చిన్నప్పరెడ్డి. ఆ విశ్వాసం సరైనదా కాదా అన్న విచారణలోకి ఆయన వెళ్లనే లేదు. అది మన బుద్ధికి నచ్చిందా అన్నది కాదు, వారు దాన్ని చిత్తశుద్ధితో నమ్ముతున్నారా అన్నదే చూడాలన్నారు. ఆ తర్వాత, పాడి తీరాలనే చట్టం ఏదైనా ఉందా అని వెతికారు. 1971 నాటి చట్టం గీతాలాపనను అడ్డుకున్నవారిని, అలజడి చేసినవారిని శిక్షిస్తుందే తప్ప మౌనంగా నిలబడినవారిని కాదు. విద్యాశాఖ సర్క్యులర్లకు చట్టబలం లేదు కనుక 19, 25 అధికరణాలు ఇచ్చిన భావప్రకటన, మతస్వేచ్ఛ హక్కులను అవి కుదించలేవు. పిల్లలను తిరిగి బడిలో చేర్చుకోవాలని ఆదేశించారు. ఇదే రకమైన వివాదంలో అమెరికా సుప్రీంకోర్టు 1940లో ఎనిమిది మంది మెజారిటీతో పిల్లలకు వ్యతిరేకంగా తీర్పిచ్చి, మూడేళ్లకే దాన్ని తిరగరాసిన సంగతి కూడా గుర్తుంచుకోదగ్గది.

మీరు పట్టించుకోవలసింది ఎవరు ఏ భాషలో మాట్లాడారన్నది. ఆ కుటుంబం తన దేవుడి గురించే చెప్పుకుంది. దాన్ని దాచమని ఎవరూ అడగలేదు. అందరికీ వర్తించే కారణాలు చూపవలసిన బాధ్యత ఆ పిల్లలను బయటికి పంపిన అధికారం మీద పడింది, అది చూపలేకపోయింది. రాల్స్ షరతు సాధారణ పౌరులకూ వర్తిస్తుంది, నిజమే, కానీ అది అన్నిటికన్నా బిగువుగా ఉండేది న్యాయమూర్తులకు, శాసనకర్తలకు, అధికారులకు. పౌరులు మతపరమైన కారణాలతోనే వాదన మొదలుపెట్టినా, సమయం వచ్చినప్పుడు ఉమ్మడి కారణాలు కూడా చూపితే చాలని ఆయన 1997లో సడలింపు ఇచ్చారు.

జవాబు 2 (గ్రామాల్లో పనిచేసే సామాజిక కార్యకర్త):

న్యాయవాది గారు చెప్పిన కేసు గొప్పదే గానీ సులువైనది. ఆ పిల్లలు ఎవరి దగ్గరా ఏమీ లాక్కోలేదు. సమాజంలో బహుళత్వం అంటే గుంపుల మధ్య భేదమే కాదు, ఒక్కో గుంపు లోపల అధికారం ఎవరి చేతిలో ఉందన్నది కూడా. మతపరమైన బహిష్కరణను నిషేధిస్తూ బొంబాయి రాష్ట్రం 1949లో చట్టం తెస్తే, దావూదీ బోహ్రాలనే ముస్లిం శాఖ మతాధిపతి దాఖలు చేసిన కేసులో సుప్రీంకోర్టు 1962లో దాన్ని కొట్టేసింది. బహిష్కరణ మతవ్యవహారమనీ, దాన్ని నడుపుకునే హక్కు ఆ శాఖకు 26వ అధికరణం ఇచ్చిందనీ నలుగురు న్యాయమూర్తులు భావించారు. బహిష్కృతుడి స్థితి అంటరానితనానికి సమానమేనన్న ప్రధాన న్యాయమూర్తి బి.పి. సిన్హా ఒంటరిగా మిగిలారు.

మన దగ్గర వెలివేత ఎలా ఉంటుందో చూసినవారికి సిన్హా మాటలో అతిశయోక్తి కనబడదు. కిరాణా కొట్టులో సరుకు ఇవ్వరు, పొలానికి కూలీలు రారు, పలకరించినవాడికి జరిమానా వేస్తారు. ఉదారవాదులు గుంపు హక్కును కాపాడి అక్కడితో ఆగిపోతే, వెలిపడిన మనిషికి రాజ్యాంగం ఉన్నా లేనట్టే.

ప్రశ్నించినవారు:

మీ ఆవేదన అర్థమైందండీ. కానీ రాజ్యం ప్రతి మతసంస్థ లోపలికీ వెళ్లి సమానత్వం అమలు చేస్తే, అది ఉదారవాదాన్నే ఇంకో మతంగా రుద్దడం కాదా?

జవాబు 3 (తత్త్వశాస్త్ర అధ్యాపకుడు):

అవుతుంది, గీత ఎక్కడ గీయాలో చూసుకోకపోతే. మతసంస్థలు ప్రజాస్వామ్య పద్ధతిలో నడవాలని రాల్స్ కోరరు. సభ్యత్వం తీసేసే హక్కును కూడా ఒప్పుకుంటారు. అయితే మతం నుంచి వెలిపడినవాడు గానీ, మతం వదిలేసినవాడు గానీ పౌరుడిగా ఏదీ కోల్పోకూడదన్న దగ్గర ఆయన రాజీపడరు. ప్రార్థనామందిరంలో స్థానం ఇవ్వకపోవడం ఒకటి, ఊళ్లో నీళ్లూ పనీ పలకరింపూ లేకుండా చేయడం మరొకటి. మొదటిదాన్ని ఆ సంస్థకు వదిలి, రెండోదాన్ని చట్టం అడ్డుకోవడంలో ఎవరి దేవుడినీ తప్పుపట్టడం ఉండదు. 1949 చట్టం ఈ రెంటినీ విడదీయకపోవడమే దాని బలహీనత అని నా అభిప్రాయం. 2016లో మహారాష్ట్ర శాసనసభ ఆమోదించిన చట్టం సాంఘిక బహిష్కరణ మీదనే దృష్టి పెట్టింది. 1962 తీర్పును తిరిగి పరిశీలించే ప్రశ్నను 2023లో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తొమ్మిదిమంది ధర్మాసనానికి పంపింది.

మన పల్లెల విషయానికొస్తే, 2015 సవరణ తర్వాత ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆ వర్గాలవారిపై ఆ వర్గాలకు చెందనివారు సాంఘిక, ఆర్థిక బహిష్కరణ విధించడం నేరం. వెలిపడింది బీసీ కుటుంబమో, తన కులంవారే వెలివేసిన దళిత కుటుంబమో అయితే ఆ సెక్షన్ వారికి అక్కరకు రాదు.