స్వెడ్ బూటుకు పనస జిగురు: ముందు నూనె మరక తీయాలా, జిగురు తీయాలా?

అమలాపురంలో నాలుగు రోజుల క్రితం పనసకాయ కోస్తుంటే గోధుమరంగు స్వెడ్ (పైన మెత్తటి నూగు ఉండే తోలు) బూటు మీద పాలు కారాయి, రూపాయి బిళ్లంత మేర. వెంటనే తడిగుడ్డతో తుడవడం తప్పయింది, జిగురు నూగులోకి ఇంకా పాకింది. ఐసుముక్కను ప్లాస్టిక్ కవర్లో చుట్టి 20 నిమిషాలు అదిమాక గోటితో గీరితే పైపొర ఊడింది. అడుగున సాగే పొర మిగిలింది. చేతి జిగురు కొబ్బరినూనెకు వదులుతుంది కదా అని దూదితో రెండు చుక్కలు అద్దాను. మడమ దగ్గరి నున్నటి తోలు మీద శుభ్రంగా పోయింది, స్వెడ్ మీద మాత్రం జిగురు మెత్తబడి చుట్టూ నల్లటి మరక కట్టింది. కార్న్‌ఫ్లోర్ చల్లి రాత్రంతా ఉంచి బ్రష్ చేస్తే మరక సగం తగ్గింది గానీ పిండి జిగురుకు పట్టేసింది. రంగు పోతుందని పెట్రోలు, థిన్నర్ ముట్టలేదు.

ఇప్పుడు నూనె పూర్తిగా లాగేశాక జిగురు తీయాలా, లేక ముందే జిగురు తీసేయాలా, దేనితో?