చెన్నై కుళాయిలో వచ్చేవి కృష్ణ నీళ్ళేనా? మా అమ్మ కోసం అడుగుతున్నా

అంబత్తూరు అమ్మాయి:
నమస్కారం అండి. మా అమ్మది బెజవాడ, ఇప్పుడు మా దగ్గరే ఉంటోంది, 78 ఏళ్ళు. 2016 పుష్కరాల్లో చెయ్యి పట్టుకుని దుర్గా ఘాట్ మెట్లు దింపాను, మూడు మునకలేసి దోసిట్లో నీళ్ళు సూర్యుడికి వదుల్తూ ఏడ్చేసింది, మళ్ళీ పన్నెండేళ్ళకి ఉంటానో లేదో అని. 2028 దగ్గరికొచ్చేస్తోంది, తనకి మోకాళ్ళు అస్సలు సహకరించట్లేదు, బెజవాడ దాకా తీసుకెళ్ళలేం. పక్కింటాయనేమో మన కుళాయిలో వచ్చేది కృష్ణే కదా అన్నారు. నిజమేనా?

కాలవగట్టు:
నిజమేనమ్మా, కాకపోతే అచ్చంగా కృష్ణ ఒక్కటే కాదు. శ్రీశైలం నీళ్ళు పోతిరెడ్డిపాడు దగ్గర బయల్దేరి వెలుగోడు, బ్రహ్మంగారి మఠం దాటి సోమశిలలో పెన్నతో కలుస్తాయి, కండలేరు నుంచి 152 కిలోమీటర్లు కాలవలో నడిచి ఊత్తుకోట దగ్గర జీరో పాయింట్‌లో తమిళనాడులోకొస్తాయి, ఇంకో 25 కిలోమీటర్లు పోతే పూండి జలాశయం. అక్కడ వాన నీళ్ళూ కలుస్తాయి. ఊళ్ళోకి వీరాణం చెరువు నీళ్ళు, శుద్ధి చేసిన సముద్రం నీళ్ళు కూడా వస్తాయి, కాబట్టి ఫలానా రోజు మీ కుళాయిలో ఏది వస్తుందో చెప్పలేం.

పాత మద్రాసు:
ఒక్క మాట కలుపుతాను. తమిళనాడు అసలు కృష్ణ పరీవాహకంలోనే లేదు. అయినా 1976లో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్ర ఏటా తలా 5 టీఎంసీలు మద్రాసు దాహానికని వదులుకున్నాయి, దారి నష్టం 3 పోను 12 సరిహద్దులో ఇవ్వాలి. 1983లో ఎన్టీఆర్, ఎంజీఆర్ ఒప్పందం చేసుకున్నారు, నీళ్ళు మాత్రం 1996కి గానీ పూండి చేరలేదు. తర్వాత గట్లు తెగి, ఇంకిపోయి సగం దారిలోనే పోతుంటే సత్యసాయి ట్రస్టు కాలవ బాగుచేయించింది. చాలా ఏళ్ళు 12 పూర్తిగా రాలేదు, ఆ బాధ మాకుంది, కానీ ఎండాకాలం ట్యాంకర్ కోసం బిందెలు లైన్లో పెట్టినవాళ్ళం, వచ్చిన ప్రతి చుక్కకీ ఆ మూడు రాష్ట్రాల రైతులకి దణ్ణం పెట్టాలి.

నెల్లూరు పిన్ని:
అమ్మాయీ, కాలవలో మాత్రం స్నానానికి దింపొద్దు, సిమెంటు వాలు నాచు పట్టి ఉంటుంది, జారితే పట్టు దొరకదు, పైగా తాగే నీళ్ళు. బెజవాడ నుంచి ఎవరైనా వచ్చేటప్పుడు చెంబుడు నీళ్ళు తెప్పించి బకెట్లో కలిపి సంకల్పం చెప్పించు, చాలు. స్నానం శ్లోకంలో కృష్ణ పేరు లేదు కదా, మా తాతగారు చివర్న కృష్ణవేణిని తనే కలుపుకునేవారు. రద్దీ భయమైతే పుష్కర ఏడాది చివర అంత్య పుష్కరాలు పన్నెండు రోజులుంటాయి, అప్పుడైనా తీసుకెళ్ళొచ్చు. ఊత్తుకోటలో నీళ్ళు రాగానే పూలు చల్లి స్వాగతం చెప్తారు, అదొక్కసారి చూపించు.

అంబత్తూరు అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్ అండి. మొత్తం చదివి వినిపించాను, సోమశిల దగ్గర ఆపి "పెన్నమ్మ కూడానా" అని రెండుసార్లు అడిగింది. కారులో ఊత్తుకోట తీసుకెళ్తాం, దిగకుండా బ్రిడ్జి మీంచి చూపిస్తాం. ఇప్పుడు కాలవలో నీళ్ళు వదుల్తున్నారా, అటువైపు వాళ్ళెవరైనా చెప్పగలరా?