డెబియన్ 2.2 పొటాటో వర్చువల్‌బాక్స్‌లో ఎక్కట్లేదు: డిస్కూ, నెట్‌వర్క్ కార్డూ కనిపించట్లేదు

పర్లాకిమిడి_ల్యాబ్
అందరికీ నమస్కారం. మా కంప్యూటర్ సెంటర్‌కి వచ్చే డిగ్రీ పిల్లలకి పాత లినక్స్ ఎలగుండేదో చూపించాలి. 2000 ఆగస్టులో వచ్చిన డెబియన్ 2.2 (పొటాటో) మొదటి సీడీ ఐఎస్ఓ (సీడీ నకలు ఫైల్) ఉంది. మెషిన్లన్నీ ఐ3, 4 జీబీ ర్యామ్, విండోస్ 10. వర్చువల్‌బాక్స్‌లో (మెషిన్ లోపలే ఇంకో మెషిన్‌ని నడిపే ప్రోగ్రామ్) 2 జీబీ ర్యామ్, 40 జీబీ డిస్క్ ఇచ్చాం, మిగతావి అదేమిచ్చిందో అలాగే వదిలేశాం. సీడీ బూటవుతోంది గానీ ఇన్‌స్టాలర్ హార్డ్ డిస్కే లేదంటోంది. నెట్‌వర్క్ కార్డు కూడా దొరకలేదు. ఇక్కడ కరెంటు ఎప్పుడు పోతుందో చెప్పలేం, దానికేటి దారి? ఇంకోటి, పిల్లల్లో ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా వాళ్లే ఎక్కువ. ఆ అక్షరాలు కూడా అందులో చూపించొచ్చా?

జయపురం_టక్స్
ఐఎస్ఓ బాగానే ఉందండీ. వర్చువల్‌బాక్స్ తనంతట తాను ఇచ్చే హార్డ్‌వేరు పొటాటోలోని 2.2 కెర్నల్ (లినక్స్ గుండెకాయ) కన్నా కొత్తది, తేడా అక్కడే. డిస్క్‌ని సాటా ఏహెచ్‌సీఐ అనే కొత్త రకం కంట్రోలర్‌కి తగిలిస్తుంది. ఏహెచ్‌సీఐ ప్రమాణమే 2004లో వచ్చింది, 2.2 కెర్నల్‌కి దాని సంగతి ఎలా తెలుస్తుంది? డిస్క్‌నీ సీడీనీ పాత రకం ఐడీఈ కంట్రోలర్ కిందకి మార్చండి, రకం పీఐఐఎక్స్4. నెట్‌వర్క్‌దీ ఇదే కథ. ఇంటెల్ ప్రో/1000 తీసేసి పీసీనెట్-పీసీఐ 2 పెట్టండి, ఇన్‌స్టాలర్‌లో డ్రైవర్ మాడ్యూళ్లు అడిగినప్పుడు పీసీనెట్32 ఎంచుకోండి. ఒకే సీపీయూ చాలు. ఈఎఫ్ఐ, ఐఓ ఏపీఐసీ రెండూ తీసేయండి.

ర్యామ్ 64 నుంచి 128 ఎంబీ ఇస్తే ఎక్కువ. డిస్క్ 2 జీబీ చాలు, అందులో 128 ఎంబీ స్వాప్, మిగతాదంతా రూట్. 40 జీబీ వద్దనడానికి కారణం లైలో, అంటే కెర్నల్‌ని ఎక్కించే బూట్ లోడర్. ఎల్‌బీఏ32 అనే మాట దాని కాన్ఫిగ్‌లో రాయకపోతే 1024 సిలిండర్లు దాటిన చోట ఉన్న కెర్నల్‌ని అది చదవలేదు. అంటే సుమారు 8.4 జీబీ లోపలే కెర్నల్ ఉండాలి. (33.8 జీబీ దగ్గర తడబడే గండం వేరు. అది 2.2.14కి ముందు కెర్నళ్లది, పొటాటోకి లేదు.)

అయితే ఎక్స్ విండోస్ (కిటికీలూ మౌస్ ఉండే తెర) దగ్గర మళ్లీ ఆగుతారు. పొటాటోలో ఉన్నది ఎక్స్‌ఫ్రీ86 3.3.6, అందులో చాలా కార్డులకి పనికొచ్చే వెసా డ్రైవర్ లేదు, వర్చువల్‌బాక్స్ గ్రాఫిక్ కార్డు దానికి తెలీదు. 640 బై 480, పదహారు రంగులతో సరిపెట్టుకోవాల్సిందే. బొమ్మ సరిగ్గా కావాలంటే వర్చువల్‌బాక్స్ లాంటిదే ఇంకోటి, క్యూఎముకి మారండి, అది సిరస్ జీడీ5446 కార్డుని అనుకరిస్తుంది. ఆప్షన్లు మాటల్లో చెప్తున్నా: సీపీయూ పెంటియమ్2, మెమరీ 64, వీజీఏ సిరస్, నెట్‌వర్క్ యూజర్ మోడ్, కార్డు ఎన్ఈ2కే-పీసీఐ. ఎస్‌వీజీఏ ఎక్స్ సర్వర్ ప్యాకేజీ వేసి, కాన్ఫిగ్‌లో వీడియో మెమరీ 4096 కేబీ, మౌస్ పీఎస్/2, డివైస్ పీఎస్ఆక్స్, మానిటర్ అడ్డ ఫ్రీక్వెన్సీ 31.5 నుంచి 48.5 అని ఇవ్వండి. స్టార్టెక్స్‌కి 16 బీపీపీ అని చెప్పాలి. ఇంటర్నెట్‌లో దొరికే "డెప్త్" ఆప్షన్ ఎక్స్‌ఫ్రీ86 నాలుగో వెర్షన్‌ది, ఇక్కడ పనిచేయదు. కిటికీలో ఇరుక్కున్న మౌస్ కంట్రోల్, ఆల్ట్, జీ కలిపి నొక్కితే బయటికొస్తుంది.

టైమ్‌జోన్ జాబితాలో కోల్‌కతా ఉండదు, కలకత్తా అని వెతకండి.

పర్లాకిమిడి_ల్యాబ్
ధన్యవాదాలండీ. క్యూఎములో డిస్క్ దొరికింది, ఇన్‌స్టాల్ అయింది, ఎక్స్ కూడా లేచింది. నెట్ మాత్రం వచ్చినట్టు లేదు, బయటికి పింగ్ పోవట్లేదు.

జయపురం_టక్స్
యూజర్ మోడ్‌లో బయటికి పింగ్ మామూలుగా పోదు, దాన్ని చూసి నెట్ లేదనుకోకండి. అడ్రస్ 10.0.2.15, మాస్క్ 255.255.255.0, గేట్‌వే 10.0.2.2, డీఎన్ఎస్ 10.0.2.3 అని చేత్తో రాసేయండి. తర్వాత ఆప్ట్ (ప్యాకేజీలు దింపే ప్రోగ్రామ్) సోర్సుల ఫైల్లో ఆర్కైవ్ డాట్ డెబియన్ డాట్ ఆర్గ్ పెట్టి, చిరునామా ఉత్త హెచ్‌టీటీపీతోనే మొదలుపెట్టండి. ఇప్పటి హెచ్‌టీటీపీఎస్ ఆ కాలం ప్రోగ్రాములకి అందదు.

హోస్ట్ నుంచి ఫైళ్లు పంపడానికి ఎస్ఎస్‌హెచ్‌తో కుస్తీ పట్టకండి. కొత్త ఓపెన్ఎస్ఎస్‌హెచ్, పొటాటో కాలం నాటి మొదటి ప్రోటోకాల్‌ని 2017లోనే తీసేసింది, పాత ఆల్గారిథమ్‌లనీ ఒక్కొక్కటిగా మూసేస్తూ వచ్చింది. విండోస్‌లో పైథాన్ హెచ్‌టీటీపీ సర్వర్‌ని 8000 పోర్టులో లేపి, లోపల నుంచి డబ్ల్యూగెట్‌తో 10.0.2.2 పోర్టు 8000కి వెళ్లి లాక్కోండి. బ్రిడ్జ్ మోడ్ (లోపలి మెషిన్‌ని నేరుగా మీ నెట్‌వర్క్‌కి కలిపేది) జోలికి మాత్రం వెళ్లొద్దు. పొటాటోకి సెక్యూరిటీ ప్యాచ్‌లు 2003లోనే ఆగిపోయాయి.

సిరొంచ_గోదారి
కరెంటు సంగతి ఎవరూ చెప్తలేరు, నేను చెప్త. పొటాటోల ఫైల్‌సిస్టమ్ ఈఎక్స్‌టీ2, దానికి జర్నల్ (రాతల చిట్టా) లేదు. కరెంటు పోయిందంటే మళ్ల లేచినప్పుడు డిస్క్‌ను సరిచూసే ఎఫ్ఎస్‌సీకే నడుస్తది, ఒక్కోసారి రూట్ పాస్‌వర్డ్ అడిగి ఆగిపోతది. పిల్లల ముంగట గది బాగుండదు.

గందుకే ఒక్క మెషిన్ల మంచిగ ఇన్‌స్టాల్ చేసి, లోపలికెల్లి సరిగ్గ షట్‌డౌన్ చేసి, ఆ క్యూకౌ2 ఫైల్‌ను (క్యూఎము డిస్క్ ఫైల్) రీడ్-ఓన్లీ చెయ్యిండ్రి. గదే ఫైల్‌ను అన్ని మెషిన్లకు కాపీ చేసి, క్యూఎమును స్నాప్‌షాట్ ఆప్షన్‌తోని నడిపిస్తే రాతలన్నీ తాత్కాలిక ఫైల్లకు పోతయి, మూసినంక ఉండయి. కరెంటు పోనీ, పిల్లగాడు మొత్తం చెరిపేయనీ, మళ్ల తెరిస్తే కొత్తదే. ఎవని పని వానికి మిగలాల్నంటే క్యూఎము-ఇమేజ్‌తోని ఆ మూల ఫైల్ మీద ఒక్కొక్కనికి ఓవర్‌లే (మార్పులే దాచే ఫైల్) చేసియ్యిండ్రి. ఓవర్‌లేలు చేసినంక మూల ఫైల్‌ను ఒక్కసారి ముట్టినా అన్నీ ఖరాబైతయి, గది యాది పెట్టుకోండ్రి.

ఇంకోటి, వర్చువల్‌బాక్స్‌ల ఎక్కించిన డిస్క్‌ను క్యూఎముకు మారిస్తే, లైలో ఎల్ఐ అని రాసి ఆగిపోవచ్చు. రెండిట్ల డిస్క్ జామెట్రీ లెక్క వేరుంటే గట్లయితది. రెస్క్యూ బూట్ చేసి లైలో మళ్ల నడిపియ్యాలె.

బరంపురం_లిపి
తెలుగూ ఒడియా పొటాటోలో అవ్వదు బాబూ, ఆశ పెట్టుకోవద్దు. అందులో కిటికీలూ బటన్లూ గీసే జీటీకే 1.2 ఉంది. ఒత్తులూ గుణింతాలూ పేర్చే పాంగో, జీటీకే 2తో కలిసి 2002లో వచ్చింది. అక్షరాల కోసం డెబియన్ 3.1 సార్జ్ (2005 జూన్) వేరే మెషిన్‌గా పెట్టుకోండి, గ్నోమ్ 2.8 ఉంటుంది. 256 ఎంబీ ర్యామ్, 4 జీబీ డిస్క్ ఇస్తే హాయిగా నడుస్తుంది. బూట్ ప్రాంప్ట్ దగ్గర లినక్స్26 అని కొడితే 2.6 కెర్నల్, ఏమీ కొట్టకపోతే 2.4 ఎక్కుతుంది. ఎక్స్‌కి ఇక్కడ వెసా డ్రైవర్ ఉంది, సిరస్ అక్కర్లేదు.

లొకేల్స్ (భాషా సెట్టింగుల) ప్యాకేజీని రీకాన్ఫిగర్ చేసి యూటీఎఫ్-8 లొకేల్ ఎంచుకోండి. పోతన ఫాంటుని హోమ్‌లో చుక్క ఫాంట్స్ ఫోల్డర్‌లో వేసి ఎఫ్‌సీ-కేష్ నడపండి. ఒడియాకీ యూనికోడ్ ఫాంటు ఒకటి అక్కడే వెయ్యండి. లోపల టైపింగ్‌తో పాట్లు పడకుండా, విండోస్‌లో రాసి యూటీఎఫ్-8గా దాచిన ఫైల్‌ని పై పద్ధతిలోనే లాగి జీఎడిట్‌లో తెరవండి. "క్ష్మి", "స్త్రీ" లాంటివి పెట్టి చూడండి, పేర్పు పనిచేస్తోందో లేదో వాటితోనే తెలిసిపోతుంది.