టోస్టర్‌లో ఉస్మానియా బిస్కెట్లు మాడకుండా ఎలా చేయాలి?

అందరికీ నమస్కారం. మేము జపాన్‌లో, టోక్యో పక్కనే ఉన్న సైతామాలో ఉంటున్నాం. ఇక్కడి అద్దె ఇళ్లలో పెద్ద ఓవెన్ సాధారణంగా ఉండదు. మా ఇంట్లో ఉన్నది బ్రెడ్ కాల్చుకునే చిన్న టోస్టర్ ఓవెన్ ఒక్కటే. 1000 వాట్లు, టైమర్ 15 నిమిషాలు, డిగ్రీలు పెట్టుకునే వీలు లేదు.

వచ్చే వారం నాన్నగారు హైదరాబాద్ నుంచి వస్తున్నారు. సాయంత్రం చాయ్‌లోకి ఉస్మానియా బిస్కెట్ లేకపోతే ఆయనకు తోచదు. నా చేత్తో చేసి పెట్టాలని చాలా ఆశగా ఉంది.

నిన్న 100 గ్రాముల హకురికికో (ఇక్కడ కేకులకు వాడే మైదా), 60 గ్రాముల వెన్న, 40 గ్రాముల చక్కెర పొడి, రెండు చెంచాల పాలపొడి, కాస్త ఉప్పు, యాలకుల పొడి కలిపాను. ముద్ద చక్కగా కుదిరింది. కానీ నాలుగో నిమిషానికే పైన నల్ల మచ్చలు, మాడు వాసన. విరిచి చూస్తే లోపల పచ్చిపిండి. పై రాడ్డుకీ బిస్కెట్లకీ మధ్య మూడు వేళ్ల ఎడం కూడా లేదు మరి.

రెండో వాయికి మొదటి నుంచీ ఫాయిల్ కప్పాను. మాడలేదు గానీ, పాలిపోయి మెత్తగా వచ్చాయి. నోట్లో వేసుకోగానే కరిగే ఆ గుల్లతనం లేదు.

ఫాయిల్ ఎన్నో నిమిషంలో కప్పాలి? మధ్యలో ఆపి ఆ వేడిలోనే మగ్గనివ్వాలా? అడుగు మందం గిన్నెలో ఉప్పు పోసి పొయ్యి మీద చేద్దామంటే, ఇక్కడి గ్యాస్ పొయ్యిలకు సెన్సార్ ఉంటుంది, గిన్నె బాగా వేడెక్కితే మంట దానంతటదే తగ్గిపోతోంది. ఇలాంటి టోస్టర్‌లో చేసినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి చెప్పండి.