మసాలా దినుసుల కోసం బయలుదేరిన ఓడలు బందరుకు ఎందుకు వచ్చాయి?

ప్రశ్న:
1600లో ఇంగ్లీషువారి ఈస్టిండియా కంపెనీ, 1602లో డచ్చివారి కంపెనీ ఏర్పడినప్పుడు ఆ వర్తకుల చూపంతా మిరియాలు, లవంగాలు, జాజికాయల మీదే ఉంది. లవంగం, జాజికాయ ఆ రోజుల్లో పండింది నేటి ఇండోనేషియా తూర్పు దీవుల్లో. అటువంటప్పుడు డచ్చివారు 1606కల్లా, ఇంగ్లీషువారు 1611లో మచిలీపట్నంలో వర్తకశాలలు ఎందుకు తెరిచారు? గోల్కొండ వజ్రాల కోసమే అంటే నాకు పూర్తిగా నమ్మబుద్ధి కావడం లేదు.

మొదటి జవాబు:
మీ సందేహం సబబైనదే. వజ్రాల ఆకర్షణ ఉన్నా, అసలు అవసరం గుడ్డలది. ఐరోపా నుంచి తెచ్చిన ఉన్ని బట్టలను ఆ ఉక్క దీవుల్లో కొనే నాథుడు లేడు. వెండి ఇచ్చి కొందామంటే అది ఎంత తెచ్చినా చాలదు. అక్కడివారు లవంగాలకు బదులుగా అడిగింది కోరమాండల్ తీరపు, అంటే బందరు ఉన్న ఈ తూర్పు తీరపు, నూలు గుడ్డలను, అదీ ఏ దీవికి ఆ దీవికి నచ్చిన రంగులో, అంచుతో, పొడవుతో. అందుకే ఈ తీరం మొలక్కా దీవులకు, అంటే లవంగాలు పండే ఆ తూర్పు దీవులకు, ఎడమ చేయి వంటిదని, ఇక్కడి బట్టలు లేకపోతే అక్కడి వ్యాపారం చచ్చిపోతుందని 1612లో హెండ్రిక్ బ్రౌవర్ అనే డచ్చి అధికారి తమ కంపెనీకి రాశాడు. 1611లో వచ్చిన ఇంగ్లీషు ఓడ 'గ్లోబ్' కూడా ఇక్కడ కొన్న సరుకును ఆగ్నేయాసియాలోని బాంటమ్ (జావా), పటాని, సయాం (నేటి థాయ్‌లాండ్) రేవులకు తీసుకుపోయింది.

రెండవ జవాబు:
ఆ గుడ్డల గిరాకీకి ఎరుపు రంగు ఒక ముఖ్య కారణం. కరక్కాయ, గేదె పాలు కలిపిన నీళ్లలో నానబెట్టి ఆరవేసిన గుడ్డ మీద పటిక నీటితో అద్ది, చిరివేరు (ఎరుపు రంగునిచ్చే ఒక మొక్క వేరు) వేసి ఉడికిస్తే, పటిక తగిలిన చోటే ఎరుపు పట్టి, ఎన్ని ఉతుకులకూ వెలవకుండా నిలుస్తుంది. 1618-1622 మధ్య బందరులో పనిచేసిన ఇంగ్లీషు కంపెనీ ఉద్యోగి విలియం మెథ్వోల్డ్ నిజాంపట్నం ప్రాంతపు చిరివేరును ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు. లవంగాల వ్యాపారం గురించి రాసే చరిత్రకారులు ఈ అద్దకపువారికి ఒక్క పేరా అయినా కేటాయించరన్నది నా ఫిర్యాదు.

మూడవ జవాబు:
ఒక సవరణ. ఈ దారిని కంపెనీలు కనిపెట్టలేదు. అంతకుముందే బందరు నుంచి అచే (సుమత్రా), పెగూ (బర్మా), మక్కా దారిలోని రేవులకు ఓడలు నడిచేవి. గోల్కొండ సుల్తానుల అండతో పారశీక వర్తకులు అక్కడ బలంగా ఉండేవారు. కంపెనీలవారు ఆ వ్యాపారంలోకి కొత్తగా జొరబడి, సుంకాల విషయంలో స్థానిక అధికారులతో తగవుపడుతూ గడిపారు. డచ్చివారు 1610లో దక్షిణాన పులికాట్‌లో, అప్పటి విజయనగర ప్రభువు వేంకటపతిరాయల అనుమతితో స్థావరం ఏర్పరచుకోవడానికి ఈ చికాకులూ ఒక కారణమే.

మొదటి జవాబు రాసినవారు:
సవరణ సరైనదే. అయితే గుడ్డలిచ్చి జాజికాయ తీసుకోవడంతో డచ్చివారు తృప్తిపడలేదు. తమకు తప్ప ఇతరులకు అమ్మరాదన్న షరతును జాజికాయ పండే బండా దీవులవారు పాటించలేదని 1621లో డచ్చి కంపెనీ గవర్నర్ జనరల్ యాన్ పీటర్‌జూన్ కూన్ సేనతో దిగి, అక్కడి ప్రజలలో చాలామందిని చంపించి, మిగిలినవారిలో అనేకులను బానిసలుగా బటావియాకు (నేటి జకార్తా) తరలించాడు. ఖాళీ అయిన జాజి తోటలను కంపెనీ తనవారికి పంచి, బానిసలతో సాగు చేయించింది. అదే దశాబ్దంలో పులికాట్ నుంచి గుడ్డల మూటలతో పాటు మనుషులను కూడా డచ్చి ఓడలు బటావియాకు మోసుకుపోయాయి.