మార్టిర్స్ సగంలో ఆపేశా, మా రూమ్మేట్ ఏమో మాస్టర్‌పీస్ అంటున్నాడు... ఈ టైపు సినిమాల్లో జనాలకి నచ్చేదేంటి అసలు?

రాత్రి_రెండింటికి:

ముందే చెప్తున్నా స్పాయిలర్లు ఉంటాయి, చూడాలనుకునేవాళ్లు ఇక్కడే ఆగిపోండి.

నేనేం హారర్ అంటే పారిపోయే టైపు కాదు. రాత్రి, దెయ్యం దగ్గర్నుంచి మసూద, విరూపాక్ష దాకా అన్నీ చూశా, కొరియన్ సినిమాలు కూడా బానే అలవాటు. మొన్న శనివారం మా రూమ్మేట్ మార్టిర్స్ అని 2008 నాటి ఫ్రెంచ్ సినిమా పెట్టాడు, సైకలాజికల్ హారర్ రా, బుర్ర తిరిగిపోద్ది అని. మొదట్లోనే ఒకమ్మాయి ఓ ఇంటికొచ్చి బెల్లు కొట్టి, పొద్దున్నే టిఫిన్ తింటున్న అమ్మా నాన్నా ఇద్దరు పిల్లలు అందర్నీ తుపాకీతో కాల్చేస్తుంది. చిన్నప్పుడు తనని కట్టేసి హింసపెట్టింది వీళ్లేనా కాదా అన్న డౌట్ మీద కథ లాక్కొస్తాడు, అక్కడిదాకా గోళ్లు కొరుక్కుంటూ చూశా. తర్వాత ఆ ఇంటి కింద నేలమాళిగలో ఇంకో ఆడమనిషి దొరుకుతుంది కదా, తలకి ఇనప పట్టీ మేకులేసి బిగించి ఉంటుంది, ఆ కాల్చినమ్మాయి ఫ్రెండ్ ఆనా ఆ పట్టీ ఊడదీయడం మొదలెట్టగానే ఇక నా వల్ల కాలేదు, లేచి బాల్కనీలోకి పోయా. వాడేమో లోపల్నుంచి "ఒరేయ్ అసలు సినిమా ఇప్పుడే స్టార్ట్ అవుతుంది" అని అరుస్తున్నాడు.

నా డౌట్లు రెండు. ఒకటి, ఇది నచ్చింది అనేవాళ్లకి నిజంగానే నచ్చుతుందా లేక నేను తట్టుకున్నా చూడు అని చెప్పుకోడానికా. రెండోది నన్ను ఎక్కువ తొలిచేస్తోంది. మన మాస్ సినిమాల్లో హీరో కత్తి దూస్తే పదిమంది ఎగిరిపడతారు, తలకాయలు దొర్లుతాయి, అది మా అమ్మ పక్కన కూర్చుని పాప్‌కార్న్ తింటూ చూస్తా, ఏమీ అనిపించదు. ఇక్కడ ఒక్క మేకు ఊడదీస్తే కడుపులో తిప్పేసింది. ఎందుకిలా?

సినిమాపిచ్చి_వైజాగ్:

మీ రెండో ప్రశ్నలోనే మొదటిదానికి జవాబుంది బ్రో. మాస్ ఫైట్‌లో కెమెరా ఎప్పుడూ కొట్టేవాడితో ఉంటుంది. పడినవాడి మొహం అర సెకను కూడా ఉండదు, వాడికి పేరుండదు, పడ్డాక అరుపు కూడా వినపడదు, బీజీఎం మింగేస్తుంది. రక్తం అక్కడ రంగు నీళ్లే. మార్టిర్స్‌లో కెమెరా దెబ్బ తినేవాళ్లతో కూర్చుని లేవదు. లెక్కేస్తే మన ఫ్యాక్షన్ సినిమాల్లో చచ్చినంతమంది ఇందులో చావరు.

మీరు లేచిపోయిన చోటు తర్వాతే దాని సంగతి. మీ రూమ్మేట్ చెప్పింది నిజమే, అక్కడ్నుంచి అది వేరే సినిమా. అప్పటిదాకా రివెంజ్ కథ, ఆ కాల్చినమ్మాయికి మాత్రమే కనపడే ఒక వికృతమైన ఆకారం, అది తను చిన్నప్పుడు తప్పించుకునేటప్పుడు కాపాడకుండా వదిలేసి వచ్చిన మనిషి తాలూకు గిల్ట్ అని తెలియడం, ఇదంతా సైకలాజికల్ పార్ట్. సెకండాఫ్‌లో ఆనాని ఒక ముఠా బంధిస్తుంది. అరిచే విలన్ లేడు, పగలబడి నవ్వేవాడు లేడు. ఒకతను లోపలికొస్తాడు, కొడతాడు, వెళ్లిపోతాడు, స్క్రీన్ నల్లబడుతుంది, మళ్లీ వస్తాడు. షిఫ్టు ఉద్యోగం చేసుకునేవాళ్లలా ఉంటారు, కోపం కూడా ఉండదు మొహంలో. నాకు గోర్ (రక్తం, గాయాలు చూపించడం) కంటే అదే భయమేసింది. డైరెక్టర్ పాస్కల్ లోజియే ఇందులో మనకి థ్రిల్ అనేదే మిగల్చకుండా తీసేశాడు. చాలా హారర్ సినిమాల్లో చంపడం ఓ రకం సరదా, ఎవరు ఎలా చస్తారా అని ఎదురుచూస్తాం, ఇక్కడ ఆ సరదా పడితే మనమీద మనకే అసహ్యమేస్తుంది.

అక్కడ ఫ్రాన్స్‌లోనే గొడవైంది దీనిమీద. వాళ్ల సెన్సార్ బోర్డు మొదట 18 ఏళ్ల లోపు వాళ్లు చూడకూడదని సర్టిఫికెట్ ఇచ్చింది, హారర్ సినిమాకి అది అక్కడ అరుదు, థియేటర్లు దొరకవు, సినిమా పోయినట్టే. నిర్మాతలు, ఫిల్మ్ వాళ్లు గోల చేస్తే మంత్రి స్థాయిలో మళ్లీ పరిశీలించమన్నారు, చివరికి హెచ్చరికతో 16కి దించారు.

ఓరుగల్లు_పోరడు:

అన్నా ఈ కెమెరా ముచ్చట్లన్నీ మంచిగనే ఉన్నయ్ గానీ నాదొక్క ప్రశ్న. ఎప్పుడు జూసినా కట్టేసి కొట్టేది ఆడపిల్లనే ఎందుకు? నేను సినిమా మొత్తం జూసిన, లాస్ట్ దాంక. ఆ ముసలామె మదమోయిజెల్ ఉంటది గదా ముఠాకు పెద్ద, ఆమెతోనే చెప్పిస్తడు, ఆడోళ్లే ఈ పనికి మంచిగ పనికొస్తరు, చావు అంచుదాంక పోయి అవతల ఏమున్నదో జూడగల్గేది వాళ్లేనని. ఇగ అయిపాయె! డైరెక్టర్‌కు ఏం జవాబు చెప్పాల్నో అది క్యారెక్టర్ నోట్లె పెట్టి చేతులు దులుపుకున్నడు. హింస మీద విమర్శ అని అంటరు, మరి ఆ విమర్శ కోసం అరగంట ఆ పిల్లను తన్నుడు జూపియ్యాల్నా?

నచ్చినోళ్లు మూర్ఖులని అంటలేను. గానీ నచ్చనోళ్లకు అర్థం గాలే, గుండె ధైర్యం లేదు అని మాట్లాడుతరు జూడు, దానికి మండుతది నాకు. అర్థమైంది, అందుకే నచ్చలే.

సినిమాపిచ్చి_వైజాగ్:

పోరడు అన్నా, ఆడపిల్ల పాయింట్‌కి నా దగ్గర పూర్తి జవాబు లేదు, ఒప్పుకుంటా, ఆ డైలాగ్ నాకూ సాకులాగే అనిపించింది. కానీ అరగంట తన్నుడు మీద ఒక్క మాట. మా నాయనమ్మ గరుడపురాణం చెప్పేది. కుంభీపాకంలో మరిగే నూనె, అసిపత్రవనంలో కత్తుల్లాంటి ఆకులు, రౌరవం, ఇవన్నీ అన్నం తినిపిస్తూ చెప్పేది మహాతల్లి. గోర్‌కి మనకేం కొదవ లేదు. కానీ అక్కడ శిక్ష పడేవాడు పాపం చేశాడు, లెక్క సరిపోతుంది, మనం నిద్రపోతాం. ఆనా ఏ పాపమూ చెయ్యలేదు, ఆ ఇంట్లో చావుబతుకుల్లో ఉన్న మనిషిని కాపాడబోయింది, అందుకే దొరికిపోయింది. లెక్క ఎక్కడా సరిపోదు. దాన్ని అయిదు నిమిషాల్లో చూపించి వదిలేస్తే మనం మామూలుగా అయ్యో పాపం అనుకుని ముందుకెళ్లిపోతాం, ఎప్పుడైపోతుందిరా బాబూ అనిపించేదాకా లాగడమే అతని ఉద్దేశం అని నా అభిప్రాయం.

నైట్‌డ్యూటీ_సిస్టర్:

నర్సుని. ఓపీలో రక్తం తీస్తుంటే ఆరడుగుల మగవాళ్లు ధబ్బున పడిపోవడం చూసి చూసి చెప్తున్నా, రాత్రి గారూ, మీరు బాల్కనీలోకి పోవడానికి ధైర్యానికీ సంబంధం లేదు. మామూలు భయంలో గుండె వేగం పెరుగుతుంది, పారిపోవడానికి ఒళ్లు రెడీ అవుతుంది. రక్తం, గాయం చూసినప్పుడు కొంతమందికి మొదట పెరిగి తర్వాత ఒక్కసారిగా గుండె వేగం, బీపీ రెండూ పడిపోతాయి, చెమటలు, కళ్లు బైర్లు, వాంతొచ్చినట్టు. ఇది చాలాసార్లు కుటుంబాల్లో వస్తుంది, మీ నాన్నగారికో అమ్మగారికో ఉందేమో అడగండి. జూలియా డుకుర్నో తీసిన రా అనే సినిమా 2016లో టొరంటో ఫెస్టివల్‌లో వేస్తే కొందరు స్పృహ తప్పి అంబులెన్స్ పిలిచారు, దాన్ని పబ్లిసిటీ అని నవ్వినవాళ్లున్నారు గానీ నాకేం ఆశ్చర్యం అనిపించలేదు.

అంటే దెయ్యం సినిమాకి ఒళ్లు ఒకలా, మేకు ఊడదీసే సీన్‌కి ఇంకోలా రియాక్ట్ అవుతుంది. మొదటిది ఎంజాయ్ చేసేవాళ్లందరూ రెండోది ఎంజాయ్ చెయ్యాలని రూలేం లేదు. డెన్మార్క్‌లో ఆర్హుస్ యూనివర్సిటీ వాళ్లు హారర్ హౌస్‌కి వచ్చినవాళ్లకి గుండె వేగం కొలిచే మానిటర్లు పెట్టి చూశారు, 2020లో పేపర్ వచ్చింది. భయం మరీ తక్కువైనా మజా లేదు, మరీ ఎక్కువైనా లేదు, మధ్యలో ఎక్కడో ఉంది. ఆ మధ్య అనేది మీకూ మీ రూమ్మేట్‌కీ ఒకే చోట ఉండదు కదా.

ఎప్పుడైనా కళ్లు తిరుగుతున్నట్టు ఉంటే లేచి నడవకండి, పడిపోతారు. కూర్చునే చేతులు, కాళ్లు, పొట్ట కండరాలు గట్టిగా బిగించి పది పదిహేను సెకన్లు ఉంచి వదలండి, మళ్లీ బిగించండి, బీపీ పడిపోకుండా ఆపుతుంది. లేదంటే పడుకుని కాళ్లు ఎత్తి పెట్టుకోండి. బాల్కనీ మాత్రం వద్దు నాయనా.

రాత్రి_రెండింటికి:

సిస్టర్ అక్కా థాంక్స్, మా నాన్న ఇంజెక్షన్ అంటేనే కుర్చీ పట్టుకుంటాడు 😅 ఇప్పుడు అర్థమైంది.

మా రూమ్మేట్‌కి ఈ థ్రెడ్ చూపించా, వాడు వైజాగ్ అన్న చెప్పిందానికి తెగ తలూపాడు, పోరడు అన్న పోస్టు మాత్రం స్క్రోల్ చేసేశాడు.

టికెట్_చింపినోడు:

ఇంకో యాంగిల్. ఇలాంటి సినిమాలకి జనం రెండుగా చీలేది సినిమా వల్ల ఎంతో, ట్రైలర్ వల్ల అంత. అమెరికాలో సినిమాస్కోర్ అని ఒకటుంది, రిలీజ్ మొదటి రోజు థియేటర్ బయట ప్రేక్షకులతో గ్రేడ్ వేయిస్తారు. హెరిడిటరీ అనే హారర్ సినిమా 2018లో వచ్చింది, క్రిటిక్స్ నెత్తిన పెట్టుకున్నారు, సినిమాస్కోర్ డీ ప్లస్. దానికి ముందు ఏడాది మదర్ అని ఇంకోటి, జెన్నిఫర్ లారెన్స్ ఉంది కదా అని వెళ్లినవాళ్లు ఏకంగా ఎఫ్ వేసి పోయారు. ఆ గ్రేడు సినిమా గొప్పదా కాదా అని చెప్పదు, టికెట్ కొన్నప్పుడు అనుకున్నది దొరికిందా లేదా అనేదే చెప్తుంది. హెరిడిటరీకి దెయ్యాల ఇల్లు అనుకుని వెళ్తే లోపల ఒక తల్లి ఏడుపు గుండెలు పిండేస్తుంటే మనిషికి చిరాకే వస్తది మరి. మీ రూమ్మేట్ సైకలాజికల్ అని చెప్పి కూర్చోబెట్టాడు, ఒళ్లంతా చర్మం చెక్కేస్తారు అని చెప్పలేదు, అసలు తప్పంతా ఆడిదే.

ది సబ్‌స్టాన్స్ సినిమా సంగతి చూడండి, 2024 కేన్స్‌లో బెస్ట్ స్క్రీన్‌ప్లే, తర్వాత మేకప్‌కి ఆస్కార్, క్లైమాక్స్‌లో ఆడిటోరియం మొత్తాన్ని రక్తంతో కడిగేస్తారు. మా ఆవిడ అది మొత్తం చూసింది, నవ్వింది కూడా, ఎందుకంటే యాభై ఏళ్లకి టీవీలోంచి తీసిపారేసిన ఆడమనిషి కథ అని మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోతుంది, ఆ తర్వాత ఒంటికి జరిగేదంతా దాని గురించే. తను కళ్లు మూసుకున్న సీన్ ఏంటో తెలుసా, ఆ టీవీ బాస్ నోరంతా పూసుకుంటూ రొయ్యలు తినే సీన్. చుక్క రక్తం లేదు అందులో. వారం రోజులు మా ఇంట్లో రొయ్యల ఇగురు బంద్.

ఓరుగల్లు_పోరడు:

రొయ్యల సీన్ నిజం అన్నా, నేనూ ఫోన్ పక్కకు తిప్పిన. సబ్‌స్టాన్స్ నాకు నచ్చింది గూడ, అదీ ఆడమనిషి ఒళ్లే, అదీ గోరే, గానీ ఆమెకు ఓ కోరికుంది, ఆమె తప్పులు ఆమె చేస్తది, కథ నడిపేది ఆమె. ఆనాకు సెకండాఫ్‌ల చేసెతందుకు ఏం లేదు, పడుడు ఒక్కటే. నా తకరారు రక్తంతోని కాదు.

సినిమాపిచ్చి_వైజాగ్:

ఇది మాత్రం గట్టి పాయింట్. ఆఖర్లో ఆనా ఏదో చూసి మదమోయిజెల్ చెవిలో చెప్తుంది కదా, మనకి వినపడదు, అది విని ఆవిడ ఏం చేసిందో రాయను (రాత్రి గారు చూస్తారేమో). సినిమా మొత్తంలో ఆనా చేతిలో ఉన్నది ఆ ఒక్క మాట, నాకైతే అది సరిపోయింది, మీకు సరిపోలేదు. దీనిమీద ఇంకో పది పోస్టులు కొట్టుకోవచ్చు.

2015 అమెరికన్ రీమేక్ మాత్రం ఎవరూ చూడకండి, ఇద్దరికీ నచ్చదు. ఒళ్లు చెక్కడం తగ్గించారు, ధైర్యం కూడా తగ్గించారు.

రాత్రి_రెండింటికి:

లేదన్నా, ఆఖరు నేను చూడను, వాడితో చెప్పించుకున్నా, అది వినే రాత్రి నిద్రపోలేదు. చెవిలో ఏం చెప్పిందా అని ఇప్పటికీ ఆలోచిస్తున్నా, అంటే సైకలాజికల్ పార్ట్ నాకు పడుతుంది, మేకులే పడవు. అలా రక్తం లేకుండా బుర్ర మాత్రం తినేసేది ఏదైనా ఉంటే చెప్పండి, ఈసారి నేను పెడతా వాడికి.

టికెట్_చింపినోడు:

ది వానిషింగ్, 1988, డచ్ డైరెక్టర్ జార్జ్ స్లౌజర్. హైవే మీద పెట్రోల్ బంకు దగ్గర ఒకమ్మాయి కూల్‌డ్రింక్ కొనుక్కొస్తానని వెళ్లి మాయమైపోతుంది, ప్రియుడు ఏళ్ల తరబడి వెతుకుతాడు, తీసుకెళ్లినవాడు మనకి మొదట్లోనే తెలిసిపోతాడు, పెళ్లాం పిల్లలున్న మామూలు మాస్టారు. కత్తి లేదు, రక్తం లేదు. 1993లో అదే డైరెక్టర్ హాలీవుడ్‌లో మళ్లీ తీసి క్లైమాక్స్ మార్చేశాడు, పేరు అదే, పొరపాటున అది పెట్టేసుకోకండి. ఊపిరాడని చోట్లు అంటే భయం ఉంటే మాత్రం ముందే చెప్పండి, వేరేది చెప్తా.